ముప్పై ఆరు అడుగులు

జ్వరమంటే జనం నమ్ముతారు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, అబ్బో కాలిపోతోందని నాలుగు జాలి మాటలు మాట్లాడి, నాలుగు బత్తాయిలు మంచం పక్కన పెట్టి పోతారు. కాలు విరిగితే ఇంకా మేలు, కట్టు కంటికి కనబడుతుంది. నీరసానికి మాత్రం మన ఊళ్లలో పూచికపుల్ల విలువ లేదు. "నీరసమా? ఎవరికి లేదులే!" అని కుచ్చిళ్లు సర్దుకుంటూ లేచిపోయేవాళ్లే అందరూ. ఆళ్లగడ్డలో దేవమ్మ ఈ ముచ్చట పది నెలలుగా చూస్తోంది.

పోయిన ఆగస్టులో ఆమెకు డెంగీ వచ్చింది. నంద్యాల ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, మళ్లీ లేచాయి. బొప్పాయి ఆకు రసం తాగించేవాళ్లు తాగించారు, మేకపాలు తెచ్చేవాళ్లు తెచ్చారు. జ్వరం పోయింది. పోతూ పోతూ ఒంట్లో ఉన్న శక్తినంతా మూటగట్టుకొని పోయింది. ఇల్లు ఊడిస్తే రెండు రోజులు పడక. తలకు పోసుకుంటే ఇక ఆ పూట అంతే. రక్త పరీక్షలు మాత్రం అన్నీ బాగానే ఉన్నాయి. "రిపోర్టులు బాగుండాయి గదా, ఇంకేంది?" అని ఎవరైనా అన్నప్పుడల్లా ఆ రిపోర్టులను పొయ్యిలో పెట్టాలన్నంత కోపం వచ్చేది దేవమ్మకు.

ఆమె ఎలాంటి మనిషో తెలిస్తే గాని మీకు ఆ కోపం అర్థం కాదు. యాభై నాలుగేళ్ల ఆ మనిషి గడప తొక్కినవాళ్లు ఏమీ తినకుండా బయటపడిన దాఖలా లేదు. కరెంటు మీటరు చూడడానికి వచ్చినతను కూడా గ్లాసెడు మజ్జిగ తాగి, నిమ్మకాయ ఊరగాయ పొట్లం పట్టుకొని పోవలసిందే. అలాంటి మనిషి ఇప్పుడు నిలబడి ఒక గిన్నె తోమితే గోడ పట్టుకోవలసి వస్తోంది.

చివరికి నంద్యాలలోనే ఒక డాక్టరమ్మ దొరికింది. చిన్న వయసు, పెద్ద ఓపిక. దేవమ్మ చెప్పిందంతా ఒక్కసారి కూడా అడ్డుపడకుండా వింది. సగం జబ్బు అక్కడే తగ్గినట్టయింది దేవమ్మకు.

"ఇది సోమరితనం కాదమ్మా. జబ్బు పోయాక కొందరికి ఈ అలసట నెలల తరబడి ఉంటుంది," అంది డాక్టరమ్మ. "అలిసిపోయాక కూర్చోవడం కాదు, అలిసిపోకముందే కూర్చోవాలి. ప్రతి పనినీ ముక్కలు చెయ్యండి. ముక్కకూ ముక్కకూ మధ్య విశ్రాంతి తీసుకోండి. ఎంత చేస్తే మర్నాడు మంచం ఎక్కకుండా ఉంటారో కనిపెట్టి, అంతవరకే చెయ్యండి. ఒంట్లో బాగున్న రోజు ఇంకా జాగ్రత్త."

ఆ చివరి మాట దేవమ్మ తలకెక్కలేదు. బాగున్న రోజు జాగ్రత్తేమిటి, విడ్డూరం కాకపోతే! పక్కనే కూర్చున్న ఆమె భర్త నతానియేలు మొహం మాత్రం వెలిగిపోయింది.

"నాకు అర్థమయింది మేడమ్," అన్నాడు. "స్టేజీలు."

నతానియేలు ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరు. ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య ఎన్ని వేల ట్రిప్పులు కొట్టాడో ఆయనకే లెక్క తెలియదు. బస్సు దారిని స్టేజీలుగా కోస్తారు, ప్రతి స్టేజీలో ఆపాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి, దిగేవాళ్లు దిగాలి. ఎంత అర్జెంటు పనున్నా స్టేజీలో ఆపకుండా పోయిన డ్రైవరును ఆయన బతకనిచ్చేవాడు కాదు. రిటైరై రెండేళ్లయింది. ఆ క్రమశిక్షణంతా ఎక్కడ పెట్టాలో తెలియక ఇన్నాళ్లూ పెరట్లో కరివేపాకు చెట్టు మీద చూపిస్తున్నాడు. ఇప్పుడు పెళ్లాం దొరికింది.

ఇంటికి రాగానే పాత క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో చార్టు గీసి హాల్లో గోడకు తగిలించాడు. పొద్దున మంచం ఆళ్లగడ్డ. వంటిల్లు నడిమి దారిలోని శిరివెళ్ల. రాత్రి పడక నంద్యాల. మధ్యలో మొహం కడగడం ఒక స్టేజీ, పది నిమిషాలు హాల్టు. స్టూలు మీద కూర్చొని స్నానం ఒక స్టేజీ, అరగంట హాల్టు. కూరగాయలు తరగడం కుర్చీలోనే. పొయ్యి ముందు నిలబడే డ్యూటీ నతానియేలుది.

దేవమ్మ చార్టును పైనుంచి కిందికి చదివింది. "మంచం ఒకటే గదా! పొద్దున ఆళ్లగడ్డ అయినది రాత్రికి నంద్యాల ఎట్లయితాది?"

"బస్సు ఒకటే గదా మ్మే, ఊరు మారల్యా?" అన్నాడు నతానియేలు.

మొదట్లో ఆయన విజిల్ కూడా వాడాడు. ఆమె గిన్నె మీద చెయ్యి వేస్తే చాలు, హాల్లోంచి టుర్రుమని మోత. మూడో రోజు ఆ విజిల్ కిటికీలోంచి ఎగిరి పక్కింటి రామసుబ్బమ్మ మిద్దె మీద పడింది. అప్పటినుంచి నోటి మాటకు దిగాడు. ఆపాలంటే "హోల్డాన్", కదలాలంటే "రైట్ రైట్". అరిటాకంత ఆ ఇంట్లో రోజంతా బస్సు నడుస్తూనే ఉండేది.

డాక్టరమ్మ చివరి మాట ఎందుకు చెప్పిందో ఫిబ్రవరిలో తెలిసింది. ఒక రోజు దేవమ్మ ఒళ్లు తేలికగా లేచింది. ఎన్నాళ్లకో వచ్చిన బలం! దుప్పట్లు ఉతికింది, మిద్దె మీద ఆరేసింది, అటకంతా దులిపింది, మధ్యాహ్నానికి పూర్ణం పెట్టి ఓళిగలు కూడా చేసింది. నతానియేలు హోల్డాన్ హోల్డాన్ అని వెంటబడి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మర్నాటి నుంచి ఆరు రోజులు ఆమె మంచం దిగలేదు.

"ఎక్స్‌ప్రెస్ అయితివి గదా," అన్నాడు ఆరో రోజు, కషాయం గ్లాసు అందిస్తూ. "ఇంజను అరిగిపోయి బోరుకొచ్చింది."

ఆ ఆరు రోజుల తర్వాత దేవమ్మ చార్టును నమ్మింది. నమ్మాక బతుకు కాస్త దారిన పడింది. వారానికి రెండు రోజులు పడక తప్పేది కాదు, అది ఒక రోజుకు దిగింది, తర్వాత అదీ లేదు. సాయంత్రం గుమ్మంలో కూర్చొని పాట పాడుకునేంత మిగులు కనబడింది. ఆ మిగులు చూసుకొని ఆమె చిన్నపిల్లలా మురిసిపోయింది.

జూన్ మొదట్లో నంద్యాల నుంచి కూతురు దీవెన ఫోన్ చేసింది. పాపకు నాలుగు నెలలు నిండాయి. నెలాఖరు ఆదివారం నంద్యాల చర్చిలో బాప్తిస్మం.

ఇక్కడ దేవమ్మ పుట్టింటి ఆచారం ఒకటి చెప్పాలి. వాళ్లలో బాప్తిస్మానికి బిడ్డను తల్లి ఎత్తుకోదు, తండ్రి ఎత్తుకోడు. అమ్మమ్మ ఎత్తుకుంటుంది. చర్చి వాకిలి దగ్గర బిడ్డను అందుకొని, బెంచీల మధ్య దారెంట ఒక్కతే నడిచి, పాస్టరుగారి చేతుల్లో పెట్టి, బిడ్డ పేరు తన నోటితో చెప్పాలి. దేవమ్మను వాళ్ల అమ్మమ్మ అలాగే మోసింది. దీవెనను దేవమ్మ తల్లి మోసింది, అప్పటికి ఆమెకు మోకాళ్లు అరిగిపోయి ఉన్నా సరే. దీవెన పెళ్లయిన రోజునుంచీ దేవమ్మ తన వంతు కోసం కాచుకొని ఉంది. కాచుకున్న ఆ రోజు తీరా ఇప్పుడొచ్చింది.

ఆ సాయంత్రమే వియ్యపురాలు సుగుణమ్మ కూడా ఫోన్ చేసింది. ఆమె నంద్యాలలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. గంజి పెట్టిన చీర, గంజి పెట్టిన మాట. "వదినా, నువ్వేం దిగులు పెట్టుకోవద్దు. నీకు బాగలేదని అందరికీ తెలుసు. పాపను నేనెత్తుకుంటాలే," అంది. మంచికే అంది. దేవమ్మ మాత్రం వింటూనే నిటారుగా లేచి కూర్చుంది.

"అట్లేం లేదు వదినా. నేనే ఎత్తుకుంటా," అని ఫోన్ పెట్టేసి, "దీవెన నాయనా! పాప బరువెంత?" అని భర్తను కేకేసింది.

"ఆరు కిలోలంట."

"నంద్యాల సోనా బియ్యం అయిదు కిలోల సంచి ఉండాదా ఇంట్లో?"

ఉంది. దానిమీద కిలో కందిపప్పు పాకెట్టు తలకాయగా పెట్టి, రెండింటినీ కలిపి తువ్వాలులో చుట్టింది దేవమ్మ. మర్నాటి నుంచి చార్టులో కొత్త స్టేజీ చేరింది. పదకొండు గంటలకు, బాగా పడుకొని లేచాక, బియ్యం పాపను ఎత్తుకొని హాల్లో నడక. నతానియేలు అడుగులు లెక్కపెట్టాడు. ఇరవై నడిస్తే మర్నాడు ఒళ్లు నొప్పులు. పదిహేను నడిస్తే మధ్యాహ్నం కళ్లు మూతలు. పన్నెండు నడిచి కూర్చుంటే మర్నాడు ఏ బాధా లేదు.

"నీ స్టేజీ పన్నెండు," అని తేల్చాడు నతానియేలు. ఆయన అక్కడితో ఆగలేదు. భార్య అడుగు ఎంతుంటుందో నూలు దారంతో కొలుచుకొని, ఆ దారం జేబులో పెట్టుకొని బస్సెక్కి నంద్యాల పోయాడు. ఖాళీ చర్చిలో వాకిలి నుంచి పాస్టరుగారు నిలబడే చోటి దాకా వంగి వంగి కొలిచాడు. సాయంత్రానికి నడుం పట్టుకొని ఇల్లు చేరాడు. "ముప్పై ఆరు. మధ్యలో రెండుసార్లు బెంచీ చివర కూచుంటే సరిపోతాది."

దేవమ్మకు ఆ రోజు గాల్లో తేలినట్టుంది. రోజూ పన్నెండడుగుల నడక సాగింది. వట్టి నడకెందుకని ఆమె బియ్యం పాపతో మాట్లాడడం కూడా మొదలుపెట్టింది. జో కొట్టింది, పాట పాడింది, ఒకసారి మైమరచి కందిపప్పుకు ముద్దు కూడా పెట్టింది. సరిగ్గా ఆ ముద్దు దగ్గరే పక్కింటి రామసుబ్బమ్మ కిటికీలోంచి చూసింది.

రామసుబ్బమ్మది పెద్ద రైతు కుటుంబం. పదెకరాల వరిమడి, వాకిట్లో ట్రాక్టరు, నోట్లో నిలవని మాట. అప్పిచ్చిన గిన్నె అడగడానికి వచ్చిన మనిషి గిన్నె సంగతి మరచి అట్లే వెనక్కి నడిచింది. ఆమె మనసులో కల్మషం లేదు, దిగులే ఉంది. ఆ దిగులును పాలకేంద్రం దగ్గర ఇద్దరికి మాత్రమే చెప్పింది. బుధవారం పొద్దుటికి దేవమ్మ వెళ్లే చర్చి స్త్రీల సమాజంలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. పాపం దేవమ్మకు నీరసం తలకెక్కిందంట, బియ్యం సంచికి జోల పాడుతోందంట.

ఇలాంటప్పుడు మనవాళ్లు ఏం చేస్తారు? ఒకటే చేస్తారు. గురువారం సాయంత్రం ఆరు గంటలకు ఆళ్లగడ్డ పాస్టరుగారితో సహా ఇరవై ఆరు మంది బైబిళ్లు, పాటల పుస్తకాలు చంకన పెట్టుకొని దేవమ్మ ఇంట్లో స్వస్థత కూడిక పెట్టడానికి దిగారు. ముందు చెబితే వద్దంటుందని ఎవరూ చెప్పలేదు. బాప్తిస్మం ఆదివారం. మధ్యలో రెండే రోజులు.

"నేను బండి దగ్గర బజ్జీలు తెస్తా, నువ్వు కూచో," అన్నాడు నతానియేలు గుసగుసగా.

"ఇంటికొచ్చినోళ్లకు బండి బజ్జీలా? తలకాయ యాడ పెట్టుకోవాల?" అని దేవమ్మ బొరుగులు నీళ్లలో వేసేసింది.

హాల్లో పాట మొదలైంది. వంటింట్లో బొరుగుల ఉగ్గానికి తిరగమోత మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. ప్రభువా, మా సహోదరికి బలం దయచెయ్యి, ఆమె కాళ్లకు బలం, ఆమె చేతులకు బలం. అక్కడ వాళ్లు అడుగుతున్న బలమంతా ఇక్కడ ఉగ్గాని మూకుట్లోకి పోతోంది. ఇరవై ఆరు ప్లేట్లు, రెండు విడతల టీ, ఉల్లిపాయలు చాలక మళ్లీ తరగడం. నతానియేలు తలుపు చాటునుంచి రెండు చేతులూ ఎత్తి హోల్డాన్ సైగలు చేసి చేసి చివరికి తానే ప్లేట్లు మోశాడు. దేవమ్మ ఆయన వైపు చూస్తే ఒట్టు. కళ్ల ముందు చుక్కలు కనబడుతున్నా మొహాన నవ్వు చెదరలేదు. "ఇంకొంచెం పెట్టించుకో వదినా, ఏం తిన్నావని?" అంటూనే ఉంది.

పోయేటప్పుడు అందరూ ఒకే మాట అన్నారు. "సూడు, ప్రార్థన చేస్తానే మొగంలో ఎంత కళ వచ్చిందో!"

తలుపు మూసిన చప్పుడుతో దేవమ్మ గోడ పట్టుకొని కింద కూలబడింది. శుక్రవారమంతా కళ్లు తెరవలేదు. శనివారం పొద్దున మంచం దిగి బాత్రూము దాకా పోవడానికి నతానియేలు భుజం కావలసి వచ్చింది. తిరిగి వచ్చి పడుకొని, గోడకు తిరిగి ఏడ్చింది. పది నెలల్లో ఆమె అంత ఏడవలేదు.

"సుగుణమ్మ వదినకు ఫోన్ చెయ్యి," అంది. "ఎత్తుకొమ్మని చెప్పు. నా వల్ల కాదు."

నతానియేలు ఫోన్ చేతిలో పట్టుకొని నిలబడ్డాడు గాని నంబరు నొక్కలేదు.

అప్పుడే రామసుబ్బమ్మ వచ్చింది. చేతిలో రాగి సంగటి, చెనిక్కాయల పచ్చడి. సంగతంతా నతానియేలు వాకిట్లోనే చెప్పేశాడు. ఆమె మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

"తప్పంతా నాదే దేవమ్మా. నేను జూస్తి, పిచ్చి పట్టిందనుకొంటి, నోరు జారితి," అంది. "నాలుగు చెంపదెబ్బలు కొట్టు."

"కొట్టే శక్తి యాడిది రామసుబ్బక్కా," అంది దేవమ్మ. "రేపు కొడతాలే."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వితే ఆయాసం వచ్చింది. ఆయాసం తగ్గేదాకా దేవమ్మ ఎదుటి గోడ వైపు చూస్తూ పడుకుంది. గోడ మీద చార్టు. మంచం, బాత్రూము, వంటిల్లు. ఇంత చిన్న ఇంటికి పద్నాలుగు స్టేజీలు పెట్టాడు మహానుభావుడు. రోజంతా బతకడానికే పద్నాలుగు చోట్ల ఆగుతున్నప్పుడు...

"దీవెన నాయనా," అంది. "ఆ నూలు దారం యాడుంది?"

మధ్యాహ్నం నిద్రపోయి లేచాక, భర్త చెయ్యి ఆసరాగా హాల్లో ఒక్కసారి నడిచి చూసింది. బియ్యం పాపతో ఆ రోజు ఆరడుగులు. ఏడోదానికి కాళ్లు వణికాయి. కూర్చుంది. అయిదు నిమిషాలకు మళ్లీ ఆరు. అంతే, చాలించింది. ఫోన్ తెప్పించుకొని సుగుణమ్మకు తనే చేసింది.

"వదినా, పాపను నేనే ఎత్తుకొస్తా. నడిమి దావలో నా ఆరడుగులకొక కుర్చీ ఎయ్యించాల, అడుగు కొలత దీవెన నాయన చెప్తాడు. అయిదు కుర్చీలు."

"కుర్చీలా? ఆరాధన జరుగుతుంటే నడిమి దారిలోనా? బెంచీ చివర కూర్చుంటే..."

"బెంచీల నిండా జనముంటారు గదా. నా కాళ్లు యాడ ఆగితే కుర్చీ ఆడ ఉండాల."

"నలుగురూ ఏమనుకుంటారు వదినా?"

"ఆయమ్మకు నీరసం అనుకుంటారు," అంది దేవమ్మ. "అనుకోనీ. నిజమే గదా."

ఆ మాట అనడానికి ఆమెకు పది నెలలు పట్టింది. అన్నాక గుండె మీదినుంచి పెద్ద బండ దిగినట్టయింది. సుగుణమ్మ మాత్రం, "పాస్టరుగారిని అడగాలి, చూస్తాను," అని పెట్టేసింది. ఆ రాత్రి కుర్చీలు ఉంటాయో ఉండవో తెలియకుండానే దేవమ్మ పడుకుంది.

ఆదివారం అల్లుడు మనోజ్ కారు తెచ్చాడు. ముందు సీటు వెనక్కి వాల్చి, దేవమ్మను పడుకోబెట్టి తీసుకుపోయారు. పట్టుచీర పెట్టెలోనే ఉండిపోయింది, తేలికైన నూలుచీర కట్టుకుంది. వెనక సీట్లో నతానియేలు పక్కన రామసుబ్బమ్మ కూడా ఎక్కింది. ఆమె చర్చిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. "నేను చేసిన దానికి నేను రాకుంటే ఎట్ల?" అంది. శిరివెళ్ల దాటేదాకా దేవమ్మ కళ్లు మూసుకునే ఉంది.

చర్చి వాకిలి దగ్గర దీవెన పాపను చేతుల్లో పెట్టింది. తెల్ల గౌను, తెల్ల టోపీ, బియ్యం సంచికి లేని వెచ్చదనం. పాప అమ్మమ్మ మొహంలోకి చూసి, ముక్కు పుడక పట్టుకొని లాగింది. దేవమ్మ తలెత్తి లోపలికి చూసింది.

దారి పొడవునా అయిదు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కో కుర్చీ మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ. మొదటి వరుసలో సుగుణమ్మ నిటారుగా కూర్చొని, ఇటు చూడనట్టే చూస్తోంది.

పాట మొదలైంది. దేవమ్మ నడిచింది. ఆరడుగులు, కుర్చీ. కూర్చోగానే తిరుగుతున్న పంకాల కింద మూడొందల మంది మెడలు తిప్పి చూశారు. ఆమె చెవులు వేడెక్కాయి. ఒక చరణం అయ్యేదాకా కూర్చొని లేచింది. మళ్లీ ఆరడుగులు. రెండో కుర్చీ. ఈసారి బెంచీ చివర ఉన్న ముసలాయన పాటల పుస్తకంతో ఆమెకు విసరడం మొదలుపెట్టాడు. మూడో కుర్చీ దగ్గర ఒకావిడ నీళ్ల సీసా మూత తీసి అందించింది. రామసుబ్బమ్మ అందరినీ చూసి కొంగు నెత్తిన కప్పుకొని, రాని పాటకు పెదాలు కదుపుతూ, కళ్లు తుడుచుకుంటోంది.

నాలుగో కుర్చీ దగ్గర దేవమ్మ కూర్చోవడం కాదు, పడిపోయినంత పని చేసింది. పాప ఒళ్లో భద్రంగానే ఉంది గాని మోకాళ్లు తనవి కానట్టున్నాయి. చెవుల్లో హోరు. పాట నాలుగు చరణాలూ అయిపోయి ఆగింది. పాస్టరుగారు పుస్తకం పట్టుకొని నిలబడి ఉన్నారు. ఇంకా పన్నెండు అడుగులున్నాయి.

ముందు వరుసలోంచి సుగుణమ్మ లేచింది. గంజి చీర ఫెళఫెళమంటుండగా నేరుగా దేవమ్మ వైపు నడిచి వచ్చింది. పాపను తీసుకోవడానికే వస్తోందని దేవమ్మకు అర్థమైంది. పాపను గుండెకు అదుముకుంది.

సుగుణమ్మ వంగింది. జారిన దేవమ్మ కొంగు తీసి భుజం మీద సర్దింది. "ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చో వదినా. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు," అంది. తర్వాత పాడేవాళ్ల వైపు తిరిగి, ముప్పై ఏళ్లు బడి నడిపిన గొంతుతో, "ఏమప్పా, ఆపినారేం? మొదటినుంచి పాడండి!" అంది.

పాడారు. ఈసారి అందరూ పాడారు. దేవమ్మకు ఏడుపొచ్చింది, దాంతోపాటు నవ్వొచ్చింది, రెండూ పోయేసరికి ఊపిరి నెమ్మదిగా కుదుటపడింది. లేచి నిలబడింది. నతానియేలు ఇక ఆగలేకపోయాడు. ముప్పై రెండేళ్ల అలవాటు. మూడొందల మంది మధ్య, పాట మీదుగా, "రైట్ రైట్!" అని గట్టిగా అరిచేశాడు.

చర్చి మొత్తం గొల్లుమంది. పాస్టరుగారు పుస్తకం అడ్డం పెట్టుకొని భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వులోనే దేవమ్మ అయిదో కుర్చీ చేరింది, కూర్చుంది, లేచింది. చివరి ఆరడుగులు ఎలా నడిచిందో ఆమెకు తర్వాత గుర్తు లేదు. పాపను పాస్టరుగారి చేతుల్లో పెట్టింది.

"ఈ బిడ్డ పేరేమి?"

"స్తుతి," అంది దేవమ్మ. గొంతు చివరి బెంచీ దాకా వినబడింది.

ఆరాధన ముగిశాక పక్క హాల్లో భోజనాలు. మటన్ బిర్యానీ, పెరుగుపచ్చడి, సేమ్యా పాయసం. ఆళ్లగడ్డ నుంచి గురువారం నాటి బృందంలో సగం మంది వచ్చారు. దేవమ్మ చుట్టూ చేరి, తమ ప్రార్థన ఎంత పనిచేసిందో చెప్పుకుంటున్నారు. ఆమె అందరినీ కలయజూసింది.

"అక్కల్లారా, నేను పండుకుంటా," అంది. "మీరు తినండి."

వాళ్లు నోరు తెరిచారు. నతానియేలు కూడా తెరిచాడు. దీవెన పరుగున చాప తెచ్చి హాలు మూల పంకా కింద పరిచింది, మనోజ్ కారులోంచి దిండు తెచ్చాడు. అందరూ చూస్తుండగా దేవమ్మ చాప మీద ఒత్తిగిలి పడుకుంది. సుగుణమ్మ పాపను తెచ్చి ఆమె పక్కన పడుకోబెట్టింది. పాప అప్పటికే నిద్రలో ఉంది.

కళ్లు మూసుకున్నా చెవులు మూసుకోలేదు. విస్తళ్ల చప్పుడు, గరిటెల చప్పుడు. ఈ వరుసకు పెరుగు రాలేదని ఎవరో అంటున్నారు. నీళ్లు యాడ పెట్టినారని ఇంకెవరో అడుగుతున్నారు. దేవమ్మ కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఒక చెయ్యి నేలమీద ఆనించింది కూడా. పాప నిద్రలో ఆమె రెండో చేతి చూపుడు వేలు పట్టుకుంది.

వాళ్లకూ చేతులున్నాయి, కాళ్లున్నాయి, వాళ్లే చూసుకుంటారులే అనుకొని, దేవమ్మ చెయ్యి వెనక్కి తీసుకొని హాయిగా నిద్రపోయింది.